టీవీ గేమ్ షోను కనిపెట్టింది ఎవరు? విజయనగరంలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా విజయనగరంలోనూ, చుట్టుపక్కల నెల్లిమర్ల, గజపతినగరం, బొబ్బిలి స్కూళ్లలోనూ పిల్లలకు క్విజ్‌లు పెడుతున్నాను. క్విజ్ అయిపోయి టీ తాగుతున్నప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా ఈ మాట ఎత్తుతారు: "మాస్టారూ, అసలు ఈ టీవీ ఆటలు మొదట పెట్టింది ఎవరండీ?" రెండు నిమిషాల్లో చెప్పి లేచిపోయే సంగతి కాదిది. పిల్లలు, తల్లిదండ్రులు, తోటి టీచర్లు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను, వాటికి నాకు తెలిసిన జవాబులను ఒకచోట పెడుతున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఓపిక పట్టండి.

టీవీలో వచ్చిన మొట్టమొదటి గేమ్ షో ఏది?

1938 మే 31న బీబీసీ ప్రసారం చేసిన 'స్పెల్లింగ్ బీ' అని చాలామంది చెబుతారు. ఫ్రెడ్డీ గ్రైస్‌వుడ్ అనే ఆయన నడిపారు. లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి లైవ్‌గా వచ్చింది. ఆట చాలా మామూలుది: ఆయన మాట చెప్పాలి, వచ్చినవాళ్లు స్పెల్లింగ్ చెప్పాలి. బీబీసీ టీవీ ప్రసారాలు 1936 నవంబరు 2న మొదలయ్యాయి కాబట్టి అప్పటికి టీవీ వయసు రెండేళ్లు కూడా లేదు. టీవీ సెట్లు ఉన్నవాళ్లు లండన్ చుట్టుపక్కల కొద్దిమందే.

అయితే గ్రైస్‌వుడ్‌ను గేమ్ షో కనిపెట్టినవాడని ఎవరూ అనరు, నేనూ అనను. స్పెల్లింగ్ పోటీ అంతకు చాలా ముందు నుంచే అమెరికా బడుల్లో ఉంది. అక్కడ జాతీయ స్థాయి పోటీ 1925లోనే మొదలైంది. బీబీసీ చేసింది బడిలో ఆటను కెమెరా ముందుకు తేవడం. అది చిన్న పని కాదు కానీ, ఆటను పుట్టించడం వేరు.

మరి అమెరికా వాళ్లు మేమే మొదలుపెట్టామంటారేం?

వాళ్ల లెక్క వాళ్లది. 1941 జులై 1న న్యూయార్క్‌లో వాణిజ్య టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. మొదటి టీవీ ప్రకటన, బులోవా గడియారాలది, వచ్చింది ఆ రోజే. అదే రోజు రేడియోలో పేరున్న 'ట్రూత్ ఆర్ కాన్సీక్వెన్సెస్', 'అంకుల్ జిమ్స్ క్వశ్చన్ బీ' రెండింటినీ టీవీలో చూపించారు. మర్నాడు సీబీఎస్ అనే ఛానెల్ వాళ్లు 'సీబీఎస్ టెలివిజన్ క్విజ్' మొదలుపెట్టారు. అది ఒక్కరోజుతో ఆగలేదు, 1942 దాకా వారం వారం నడిచింది.

చూశారా, "మొదటిది" అన్న మాట ఎలా మారిపోతుందో! టీవీలో కనబడిన మొదటి ఆట అంటే బ్రిటన్. స్పాన్సర్ డబ్బుతో నడిచే టీవీలో మొదటిది అంటే ట్రూత్ ఆర్ కాన్సీక్వెన్సెస్. టీవీ కోసమే పుట్టి వారం వారం వచ్చినది అంటే సీబీఎస్ క్విజ్. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. కాకపోతే మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. పిల్లల క్విజ్‌లో "మొదటి టీవీ గేమ్ షో ఏది?" అని నేను అడగను. అడగాల్సి వస్తే తేదీ, దేశం చేర్చి అడుగుతాను.

రేడియోను లెక్కలోకి తీసుకోరా?

తీసుకోవాలి. అసలు కథంతా రేడియోలోనే ఉంది. 1936లో అమెరికాలో 'ప్రొఫెసర్ క్విజ్' వచ్చింది. ప్రశ్న, జవాబు, గెలిచినవాడికి వెండి డాలర్లు. 1940లో 'టేక్ ఇట్ ఆర్ లీవ్ ఇట్' వచ్చింది. ఒక్కో ప్రశ్నకు డబ్బు రెట్టింపు అవుతూ 64 డాలర్ల దగ్గర ఆగేది. ఉన్నదాంతో వెళ్లిపోతావా, ఇంకో ప్రశ్నకు ఒడ్డుతావా? కోటీశ్వరుడు షోలో మనకు టెన్షన్ పెట్టే ఘట్టం ఇదే కదా. ఆ టెన్షన్ 1940లోనే రేడియోలో ఉంది. 1955లో లూయిస్ కోవన్ అనే నిర్మాత దాన్నే టీవీకి తెచ్చి 64 డాలర్లను 64,000 డాలర్లు చేశాడు. దేశమంతా ఆ షో ముందు కూర్చుంది. కోవన్ పేరు చరిత్రలో నిలిచింది. రేడియోలో ఆ రెట్టింపు మెట్లు కట్టినవాళ్లను మాత్రం తలుచుకునేవాళ్లు తక్కువ.

ఆ రోజుల్లో ప్రశ్నలు ముందే చెప్పేసి మోసం చేశారంటారు, నిజమేనా?

నిజమే. 1956లో జాక్ బ్యారీ, డాన్ ఎన్‌రైట్ 'ట్వంటీ వన్' అనే షో మొదలుపెట్టారు. హెర్బ్ స్టెంపెల్ అనే పోటీదారు వరసగా గెలుస్తూ వచ్చాడు. అయితే జవాబులు ముందే అతని చేతికి వచ్చేవి. జనానికి అతని మొహం మొత్తిందని, బాగా తెలిసిన ఒక జవాబును తప్పు చెప్పి ఓడిపొమ్మన్నారు. అతని మీద గెలిచిన కాలేజీ లెక్చరర్ చార్లెస్ వాన్ డోరెన్ దేశానికి హీరో అయిపోయాడు. 1959 నవంబరు 2న అదే వాన్ డోరెన్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిలబడి, నాకూ జవాబులు ముందే ఇచ్చారని ఒప్పుకున్నాడు. 1960లో క్విజ్ షోలలో ఇలాంటి మోసాన్ని నేరంగా చేస్తూ చట్టం సవరించారు.

ఈ కథ ఇక్కడెందుకంటే, దీనివల్లే ఇంకో షో పుట్టింది. దాన్ని కనిపెట్టింది ఎవరన్న దాని గురించి నేను ఎక్కడికి వెళ్లినా మాట్లాడుతూనే ఉంటాను.

'జెపర్డీ' మెర్వ్ గ్రిఫిన్‌ది కాదా?

ఈ అమెరికా క్విజ్ షో పేరు, ఆస్తి టీవీ నిర్మాత మెర్వ్ గ్రిఫిన్‌వి. ఆలోచన ఆయన భార్య జూలాన్‌ది.

1960ల మొదట్లో ఇద్దరూ విమానంలో న్యూయార్క్ వస్తున్నారు. ఏదైనా క్విజ్ షో పెట్టాలని ఉంది, కానీ ఆ మోసాల తర్వాత టీవీ వాళ్లు క్విజ్ అంటేనే భయపడుతున్నారని ఆయన అన్నాడు. అప్పుడామె, "జవాబులు మనమే ఇచ్చేద్దాం, ప్రశ్న వాళ్లని చెప్పమందాం" అంది. ఎలా అని ఆయన అడిగితే "5,280" అంది. ఆయన "మైలుకు ఎన్ని అడుగులు?" అన్నాడు. ఆ తర్వాత ఒక పాత రేడియో నాటకంలోని ఇంటి అడ్రస్ చెప్పింది. దానికీ ఆయన ప్రశ్న చెప్పేశాడు. అంతే, విమానం దిగేసరికి షో తయారు. మొదట పెట్టుకున్న పేరు 'వాట్స్ ద క్వశ్చన్'. తర్వాత అది 'జెపర్డీ' అయి 1964 మార్చి 30న ఎన్‌బీసీలో మొదలైంది.

మెర్వ్ ఈ సంగతి దాచలేదు. ఆ సంభాషణ మనకు తెలిసింది కూడా ఆయన చెప్పబట్టే. ఆ విషయంలో ఆయనను గౌరవిస్తాను. కానీ పుస్తకాల్లో, టీవీలో, క్విజ్ ప్రశ్నల్లో "జెపర్డీ సృష్టికర్త ఎవరు?" అంటే జవాబు ఒక్క మెర్వ్ పేరే. నేను పెట్టే క్విజ్‌లో రెండు పేర్లూ చెబితేనే పూర్తి మార్కులు, ఒక్క పేరు చెబితే సగం. ఒకసారి ఒక తండ్రి నాతో గట్టిగా వాదించాడు, "పుస్తకంలో ఒక్క పేరే ఉంది కదండీ" అని. పుస్తకం తప్పు రాయలేదండీ, సగమే రాసింది అని చెప్పాను. ఆ పక్కనే నిలబడ్డ వాళ్లమ్మాయి నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది.

అలాగని మెర్వ్ చేసింది ఏమీ లేదనడం కూడా తప్పే. ఆరు విభాగాల బోర్డు, డబ్బు లెక్కలు, చివరి రౌండ్, పోటీదారులు ఆలోచించేటప్పుడు వచ్చే ఆ ట్యూన్, ఛానెల్ వాళ్లను ఒప్పించడం, ఇవన్నీ కూడా పనే. ఆ ట్యూన్ ఆయనే కట్టాడు, దాని రాయల్టీయే కోట్ల డాలర్లు వచ్చింది. ఆయనదే మరో షో 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్', 1975లో మొదలైంది. చిన్నప్పుడు కారు ప్రయాణాల్లో తోబుట్టువుతో ఆడుకున్న అక్షరాల ఆటే దానికి మూలం. ఖాళీ గీతలు గీసి, ఒక్కో అక్షరం ఊహించి మాట పట్టుకునే ఆట అది. మన పిల్లలు నోట్ బుక్ వెనక పేజీలో ఆడుకునేది కూడా అదే. ఆ ఆటకు యజమాని లేడు. చక్రానికి, డబ్బుకు మాత్రం ఉన్నాడు.

ఉద్యోగి కనిపెడితే పేరు కంపెనీకే వెళుతుందా?

ఎక్కువగా అంతే. 'ద ప్రైస్ ఈజ్ రైట్', 'టు టెల్ ద ట్రూత్', 'పాస్‌వర్డ్' అనే మూడు అమెరికా గేమ్ షోల వెనకా ఉన్నది బాబ్ స్టీవర్ట్. వేలంపాట చూస్తుంటే వచ్చిన ఆలోచనే 'ద ప్రైస్ ఈజ్ రైట్'. కానీ షో చివర గంభీరమైన గొంతుతో వినపడేది "ఎ మార్క్ గుడ్‌సన్, బిల్ టాడ్‌మన్ ప్రొడక్షన్" అన్న మాట. అవి ఆయన పనిచేసిన కంపెనీ యజమానుల పేర్లు. 1964లో ఆయన బయటికి వచ్చి సొంత కంపెనీ పెట్టుకున్నాడు. జీతానికి చేసిన పని మీద హక్కు కంపెనీదే, అందులో వివాదం లేదు. హక్కు వాళ్లది కాబట్టి పేరూ వాళ్లదే అయిపోవాలన్న దగ్గరే నాకు అభ్యంతరం. సొమ్మొకడిది, సోకొకడిది అని మనవాళ్లు ఊరికే అనలేదు.

'కోటీశ్వరుడు' షో అసలు ఎవరిది? అమితాబ్‌దా, సిద్ధార్థ బసుదా?

ఇద్దరిదీ కాదు. 1998 సెప్టెంబరు 4న బ్రిటన్ ఐటీవీలో 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' మొదలైంది. క్రిస్ టారంట్ యాంకర్, సెలడార్ అనే కంపెనీ నిర్మాత. రూపకర్తలు ముగ్గురు: డేవిడ్ బ్రిగ్స్, మైక్ వైట్‌హిల్, స్టీవెన్ నైట్. టారంట్ నడిపే రేడియో షోకు బ్రిగ్స్ పోటీలు తయారుచేసేవాడు. ఈ షోకు మొదట అనుకున్న పేరు 'క్యాష్ మౌంటెన్', డబ్బు కొండ.

షో హిట్టయ్యాక మాదంటే మాదన్నవాళ్లు వచ్చారు. ఫోన్ చేసి సాయం అడిగే లైఫ్‌లైన్ లాంటివి తనవేనని మైక్ బుల్ అనే ఆయన 2002లో లండన్ హైకోర్టుకు వెళ్లాడు. అలన్ మెల్విల్ అనే ఆయన నా 'మిలియనీర్స్ రో' ఆలోచనే ఇదని కోర్టుకెక్కాడు. రెండు గొడవలూ కోర్టు బయటే రాజీతో ముగిశాయి. రాజీ అంటే ఎవరిది ఒప్పో ఎవరూ తేల్చలేదని అర్థం. అందుకే ఈ వాదులు నిజమైన రూపకర్తలు అని గాని, అబద్ధాలకోరులు అని గాని నేను చెప్పను. చదివేవాళ్లు కూడా అలాంటి మాట ఎవరైనా ధీమాగా చెబితే నమ్మొద్దు.

మన దగ్గరికి అది 2000 జులై 3న స్టార్ ప్లస్‌లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' అయి వచ్చింది. అమితాబ్ బచ్చన్ గొంతు, సిద్ధార్థ బసు నిర్మాణం. రాత్రి తొమ్మిదికి కంటోన్మెంట్ నుంచి కోట దాకా ఏ ఇంటి ముందు నడిచినా అదే సంగీతం వినపడేది. తెలుగులో 2014లో మా టీవీలో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' నాగార్జున నడిపారు, 2017లో చిరంజీవి, 2021లో జెమినీలో 'ఎవరు మీలో కోటీశ్వరులు' జూనియర్ ఎన్టీఆర్. బసు గారు ఈ ఆట కనిపెట్టలేదు, నిజమే. కానీ 1985లో దూరదర్శన్‌లో 'క్విజ్ టైమ్' నడిపి ఈ దేశానికి టీవీ క్విజ్ అలవాటు చేసింది ఆయనే. ఆ పేరు ఆయనకు దక్కాలి.

ఇప్పుడు ఆ షో హక్కులు రూపకర్తలవీ కావు, సెలడార్‌వీ కావు. 2006లో ఒక డచ్ కంపెనీ కొన్నది, 2008లో ఆ కంపెనీని సోనీ కొన్నది. ముగ్గురు రూపకర్తల్లో ఒకడైన స్టీవెన్ నైట్ తర్వాత సినిమాలకు, సీరియళ్లకు రచయితగా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆ సీరియళ్లు చూసే మన కుర్రాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

సెలడార్, డిస్నీ కేసు దీని గురించేనా?

కాదు, అది డబ్బు గొడవ. అమెరికాలో షో తెచ్చిన లాభాల్లో మా వాటా ఇవ్వలేదని సెలడార్ డిస్నీ మీద కేసు వేసింది. 2010లో కాలిఫోర్నియా జ్యూరీ 26.92 కోట్ల డాలర్లు ఇవ్వాలని చెప్పింది. వడ్డీతో అది దాదాపు 31.9 కోట్లయింది, 2012లో పై కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. కనిపెట్టింది ఎవరన్న ప్రశ్న అక్కడ రాలేదు.

ఒకరి షోను ఇంకొకరు కాపీ కొడుతుంటే కోర్టులు ఏం చేస్తున్నాయి?

ఇక్కడ హ్యూయీ గ్రీన్ కేసు చెప్పాలి. బ్రిటన్‌లో 'ఆపర్చునిటీ నాక్స్' అనే టాలెంట్ షోను ఆయన ఏళ్ల తరబడి నడిపాడు. చప్పట్ల జోరును కొలిచి చూపించే 'క్లాపోమీటర్' ఆ షోకు గుర్తు. న్యూజిలాండ్ ప్రసార సంస్థ అదే పేరుతో, అవే పడికట్టు మాటలతో, ఆ క్లాపోమీటర్‌తో సహా షో పెట్టింది. ఆయన కేసు వేసి అక్కడ ఓడిపోయాడు, 1989లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌లోనూ (అప్పట్లో న్యూజిలాండ్‌కు ఆఖరి అప్పీలు కోర్టు అది) ఓడిపోయాడు. కొన్ని పడికట్టు మాటలు, ఒక పద్ధతి కలిపితే ప్రదర్శించగల నాటకం అవ్వదు, కాబట్టి కాపీరైట్ లేదన్నది తీర్పు. ఆ తీర్పు చదివితే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. న్యాయం ప్రకారం సరే కావచ్చు, కానీ క్లాపోమీటర్ దాకా ఎత్తుకెళ్లారు కదా!

బిగ్ బాస్ మీద కూడా ఇలాంటి గొడవ ఉంది. దీవి మీద మనుషుల్ని వదిలి ఒక్కొక్కరినీ పంపించేసే 'సర్వైవర్' ఫార్మాట్ చార్లీ పార్సన్స్ బృందానిది. 1999లో నెదర్లాండ్స్‌లో ఎండెమోల్ అనే కంపెనీ తెచ్చిన, మన బిగ్ బాస్‌కు మూలమైన 'బిగ్ బ్రదర్' మాదాన్ని కాపీ కొట్టిందని వాళ్లు కేసు వేశారు. 2004లో డచ్ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. ఫార్మాట్‌కు కాపీరైట్ ఉండవచ్చు, కానీ ఇది ఆ కాపీ కాదన్నారు. తెలుగు బిగ్ బాస్ మీద మనింట్లో జరిగే తగువులకన్నా ఆ తగువు పాతది.

మన దేశంలో 1978లో సుప్రీం కోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టంగా చెప్పింది: ఆలోచనకు కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన తీరుకు ఉంటుంది. అది ఒక నాటకానికి, ఒక సినిమాకు మధ్య కేసు. 2002లో ఢిల్లీ హైకోర్టు ఇంకాస్త ముందుకు వెళ్లింది. 'స్వయంవర్' అనే రియాలిటీ షో ఆలోచనను వివరంగా రాసి ఒక ఛానెల్‌కు నమ్మకంగా చెప్పిన అనిల్ గుప్తాకు అనుకూలంగా ఇంజంక్షన్ ఇచ్చింది. అక్కడ పనికొచ్చింది ఊరికే ఆలోచన కాదు. అది వివరంగా కాగితం మీద ఉంది, రహస్యంగా చెప్పిన మాట అయింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద ఒక ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

మన అష్టావధానం వీటన్నిటికంటే ముందుది కదా? గేమ్ షో మనదే అనొచ్చా?

విజయనగరంలో ఈ ప్రశ్న అడగని సభ లేదు. నాకు బాగా ఇష్టమైన ప్రశ్న కూడా.

అవధానంలో ఆట ఉంది, అందులో సందేహం లేదు. నిషిద్ధాక్షరి తీసుకోండి. అవధాని పద్యంలో ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు ఊహించి "అది వద్దు" అంటాడు. అవధాని ఛందస్సు చెడకుండా, అర్థం పోకుండా వేరే అక్షరం వెయ్యాలి. మళ్లీ ఆపుతాడు, మళ్లీ తప్పించుకోవాలి. మధ్యలో ఒకరు గంటలు కొడుతుంటే అవి లెక్కపెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగి ఎక్కడెక్కడి కబుర్లో తెచ్చి ధ్యాస మళ్లిస్తుంటే నవ్వించే జవాబివ్వాలి. నియమాలున్నాయి, లైవ్, పక్కా టెన్షన్, ఊపిరి బిగబట్టి చూసే జనం. టీవీ నిర్మాతలకు కావలసినవన్నీ ఉన్నాయి.

అయినా "గేమ్ షో మనదే" అని నేను అనను. బీబీసీ వాళ్లు, సీబీఎస్ వాళ్లు అవధానం చూసి ఆ షోలు చెయ్యలేదు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కలవదు. అవధానం గొప్పతనానికి ఆ అప్పు అవసరం కూడా లేదు.

ఈ ఊళ్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారిని హరికథా పితామహుడు అంటాం. అయితే ఆయన యువకుడిగా ఉన్నప్పుడు మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు అనే భాగవతార్ కథ విన్నారు. అది విన్నాకే తానూ చెప్పాలనుకున్నారు. అంతకు ముందే మరాఠీలో, తమిళదేశంలో ఆ సంప్రదాయం ఉంది. దాసు గారు తెలుగు హరికథకు ఒక రూపం ఇచ్చారు. కథ సొంతంగా రాశారు, పాట, ఆట, మాట ఒక్క మనిషిలో కలిపారు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. పితామహుడన్న బిరుదు ఆయనకు పూర్తిగా తగుతుంది. దానివల్ల కుప్పుస్వామి నాయుడు పేరు మరుగున పడనక్కర్లేదు. జూలాన్ గ్రిఫిన్ గురించి నేను చెప్పేది కూడా ఇదే.

టీవీ అంత్యాక్షరి ఎవరిది?

ఆట అందరిదీ. బస్సుల్లో, పెళ్లిళ్లలో, బడిలో పద్యాలతో ఎప్పటినుంచో ఆడుతున్నాం. 1993లో జీ టీవీలో దాన్ని షోగా చేసింది గజేంద్ర సింగ్, నడిపింది అన్నూ కపూర్.

'మాస్టర్‌మైండ్'లో ఆ నల్ల కుర్చీ, ఆ చీకటి ఎందుకు?

దాన్ని రూపొందించిన బిల్ రైట్ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కినవాడు. తనను కూర్చోబెట్టి ప్రశ్నించిన తీరే ఆ షోకు మూలం. సైనికుడిని "పేరు, ర్యాంకు, నంబరు" అడిగేవారు. 1972లో బీబీసీలో అది "పేరు, వృత్తి, ఎంచుకున్న విషయం" అయింది. ఈ షో పుట్టుక మీద తగువే లేదు, ఎందుకంటే ఆ కుర్చీలో ముందు కూర్చున్నది ఆయనే.

మాస్టారూ, మీ 'అమ్మమ్మ మాట' రౌండ్‌ను ఎవరో ఎత్తుకెళ్లారట కదా?

ఇది అడిగేవాళ్లకు ఇన్నాళ్లూ సగమే చెప్పాను. ఇప్పుడు మొత్తం చెబుతాను.

మా అమ్మమ్మది చీపురుపల్లి వైపు పల్లెటూరు. ఆవిడ నోట్లో ఉండే మాటలు మా పిల్లల పుస్తకాల్లో ఉండవు. వాటితో ఒక రౌండ్ చేశాను. నేను మాట చెబుతాను, ముగ్గురు పిల్లలు మూడు అర్థాలు చెబుతారు, అందులో ఒకటే నిజం. "బుగత" అంటాను. ఒక పిల్లాడు "కాలువ గట్టు" అంటాడు. ఇంకో పిల్ల "భూస్వామి" అంటుంది. మూడోవాడు "అటక మీద గంప" అంటాడు. టౌను పిల్లలు నిక్షేపంగా గంపకు ఓటేసేవాళ్లు. వెనక వరసలో కూర్చున్న తాతలు మాత్రం ఆగలేక "భూస్వామిరా, ఓరి గుంటా!" అని అరిచేసేవాళ్లు. "కంబారి" అంటే పాలేరు అని ఆ పిల్లలకు తెలిసింది ఆ రౌండ్‌లోనే. మా క్విజ్‌లలో అన్నిటికన్నా ఎక్కువ చప్పట్లు దానికే.

ఒక దసరాకు ఒక లోకల్ కేబుల్ ఛానెల్‌లో అచ్చం అదే రౌండ్ వచ్చింది. నేను పోగుచేసిన మాటలే, అదే వరసలో. అడిగితే "ఇది మా సొంత ఆలోచన" అన్నారు. చాలా బాధపడ్డాను. పైడితల్లి సిరిమాను తిరుగుతుంటే కూడా నా మనసు అక్కడ లేదు.

కొన్నేళ్ల తర్వాత ఈ విషయాలన్నీ చదువుతూ ఉంటే 'కాల్ మై బ్లఫ్' అనే షో గురించి తెలిసింది. 1965లో అమెరికాలో గుడ్‌సన్, టాడ్‌మన్ తెచ్చారు, అదే ఏడాది బీబీసీ కూడా తెచ్చింది. ఎవరికీ తెలియని మాట ఒకటి, మూడు అర్థాలు, ఒకటి నిజం. నా రౌండే! నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు, వినలేదు. అయినా నాకంటే నలభై ఏళ్ల ముందే ఉంది. వాళ్లకు ముందు ఇళ్లలో డిక్షనరీ ముందేసుకుని ఆడుకునేవాళ్లు ఉన్నారు.

అప్పటినుంచి నా ఫిర్యాదు మార్చుకున్నాను. ఆట పద్ధతి నాది కాదు, అది ఎత్తుకెళ్లారని అనను. కానీ ఆ మాటల జాబితా, ఆ వరస, ఆ తప్పుడు అర్థాలు నేను రాసినవి. మాటలు మా అమ్మమ్మవి. ఆ ఛానెల్ వాళ్లు మా ఇద్దరి పేర్లూ ఒక్క లైనులో చెప్పి ఉంటే చాలు, నేను సంతోషంగా ఇంకో వంద మాటలు రాసిచ్చేవాణ్ణి.

మా పాప కొత్త గేమ్ షో ఆలోచించింది. ఛానెల్‌కు పంపమంటారా?

పంపండి, కానీ ముందు రాయించండి. "పోటీదారులు వంట చేస్తూ ప్రశ్నలకు జవాబులు చెబుతారు" అని ఒక్క లైను రాస్తే లాభం లేదు. ఎన్ని రౌండ్లు, ఒక్కో రౌండుకు ఎంత సేపు, మార్కులు ఎలా వేస్తారు, సమానం వస్తే ఏం చేస్తారు, యాంకర్ ఏం అంటారు, సెట్ ఎలా ఉంటుంది, ఒక ఎపిసోడ్ మొదటినుంచి చివరిదాకా. పది, పదిహేను పేజీలు రావాలి. పైన చెప్పిన స్వయంవర్ కేసు గుర్తుంది కదా. అలా రాసినదాన్ని సాహిత్య రచనగా కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, తేదీకి రుజువు ఉంటుంది. పంపేటప్పుడు ఈమెయిల్‌లోనే పంపండి, ఇది మా నమ్మకం మీద చెబుతున్నాం అని రాయండి, కాపీ దాచుకోండి. ఫోన్‌లో మొత్తం చెప్పేయొద్దు.

ఇంకో మాట. పాప ఆలోచనకు సాయం చేసింది తమ్ముడైనా, పక్కింటి పిల్లైనా ఆ పేరు కూడా మొదటి పేజీలోనే రాయించండి. తర్వాత రాద్దాంలే అనుకుంటే ఆ రోజు రాదు.

మీ బజర్ పెట్టె మా స్కూలుకు ఇస్తారా?

ఇస్తాను. దాని సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అడుగున్నర పొడుగు చెక్క పెట్టె, పైన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం జీరో వాట్ బల్బులు. నాలుగు పొడుగు వైర్ల చివర నాలుగు కాలింగ్ బెల్ స్విచ్‌లు. ఎవరు ముందు నొక్కితే వాళ్ల బల్బు వెలుగుతుంది, మిగతా ముగ్గురి స్విచ్‌లు ఆ క్షణమే పనిచెయ్యవు. లోపల రిలేలు అమర్చి ఇది తయారుచేసింది గంటస్తంభం దగ్గర రేడియోలు బాగుచేసే పెద్దాయన. సామాను డబ్బులు తప్ప ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆయన పెట్టె లేకపోతే "ముందు నేను నొక్కాను" అన్న తగువులతోనే మా క్విజ్‌లు ఆగిపోయేవి. పదేళ్లపాటు మా కరపత్రాల మీద స్పాన్సర్ల పేర్లు వేశాం, అతిథుల పేర్లు వేశాం, ఆయన పేరు ఒక్కసారి కూడా వెయ్యలేదు. ఆ తప్పు నాదే. ఇప్పుడు పెట్టె ముందు వైపే, బల్బుల కింద, ఆయన పేరు పెయింట్‌తో రాయించాను.

తీసుకెళ్లేవాళ్లకు రెండు షరతులు. క్విజ్ మొదలయ్యే ముందు యాంకర్ ఆ పేరు పైకి చదవాలి. రెండోది, నీలం స్విచ్ కాస్త గట్టిగా నొక్కాలని ఆ జట్టుకు ముందే చెప్పాలి.